మేసన్–డిక్సన్ రేఖ బానిసత్వం కోసం గీసిన గీత కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికా అంతర్యుద్ధం గురించి వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. వ్యాసకర్త శ్రమపడి రాశారు, అందులో సందేహం లేదు. అయితే పెన్సిల్వేనియా, మేరీలాండ్ రాష్ట్రాల మధ్య ఉన్న మేసన్–డిక్సన్ రేఖ ప్రస్తావన వచ్చిన చోట, అది స్వేచ్ఛా రాష్ట్రాలనూ బానిస రాష్ట్రాలనూ విడదీయడానికి గీసిన సరిహద్దు అని ఒక్క వాక్యంలో తేల్చి ముందుకు వెళ్లిపోయారు. ఆ వాక్యం తప్పు. ఒక్క వాక్యమే కదా అని వదిలేయవచ్చు గానీ, ముప్పై ఏళ్లకు పైగా భూముల సర్వేలో పనిచేసి, ఒక హద్దురాయి చుట్టూ ఎంత నమ్మకం, ఎంత పగ పేరుకుంటాయో దగ్గరగా చూసినవాణ్ణి గనుక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. పైగా మేరీలాండ్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ రేఖ మీది రాళ్లలో రెండింటిని స్వయంగా చూసి, చేత్తో తడిమి వచ్చాను. ఆ రాళ్ల మీద బానిసత్వం ఊసే లేదు. వాటి మీద ఉన్నది రెండు కుటుంబాల ఆస్తి తగాదా.

ఆ తగాదా సంగతి ముందు చెప్పాలి. 1632లో ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్, బాల్టిమోర్ ప్రభువులైన కాల్వర్ట్ కుటుంబానికి మేరీలాండ్‌ను పట్టాగా ఇచ్చాడు. దాని ఉత్తరపు హద్దు 40వ అక్షాంశం. తరువాత 1681లో రెండో చార్లెస్, విలియం పెన్ తండ్రికి తాను బాకీ ఉన్న సొమ్ముకు బదులుగా, పెన్‌కు పెన్సిల్వేనియాను రాసిచ్చాడు. దాని దక్షిణపు హద్దును న్యూకాసిల్ పట్టణం చుట్టూ పన్నెండు మైళ్ల దూరంలో ఒక వృత్తంగాను, ఆ వృత్తం 40వ అక్షాంశాన్ని తాకిన చోటు నుంచి పడమరకు ఒక గీతగాను పేర్కొన్నారు. కాగితం మీద ఇది చక్కగానే ఉంది. నేల మీదికి వచ్చేసరికి న్యూకాసిల్ నుంచి పన్నెండు మైళ్లు ఎటు వెళ్లినా 40వ అక్షాంశం తగలదు. అది ఇంకా చాలా ఉత్తరాన ఉంది. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, పెన్ కట్టించిన ఫిలడెల్ఫియా నగరమే 40వ అక్షాంశానికి కాస్త దక్షిణాన పడింది. అంటే కాల్వర్ట్ పట్టాను అక్షరాలా అమలు చేస్తే పెన్సిల్వేనియా ముఖ్యపట్టణం మేరీలాండ్‌ది అవుతుంది. ఒకే నేలకు రెండు పట్టాలు పుట్టినప్పుడు ఏం జరుగుతుందో సర్వేలో పనిచేసిన ఎవరికైనా తెలుసు. అక్కడా అదే జరిగింది. ఒకే పొలానికి ఇద్దరు శిస్తు అడిగారు, ఇద్దరు షెరీఫులు అరెస్టులు చేశారు. 1730 దశకంలో సస్క్వెహానా నది ఒడ్డున మేరీలాండ్ తరఫున థామస్ క్రెసాప్ అనే మనిషి తుపాకులతో కాపురం పెట్టాడు. 1736లో పెన్సిల్వేనియా షెరీఫు మనుషులు అతని ఇల్లు తగలబెట్టి, బంధించి ఫిలడెల్ఫియాకు తీసుకువెళ్లారు. ఆ వీధుల్లో నడుస్తూ, మేరీలాండ్‌లోని అందమైన ఊళ్లలో ఇదొకటి అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

1732లో రాజీపత్రం రాసుకున్నారు, తరువాత కాల్వర్ట్‌లు దాన్ని కాదన్నారు. వ్యాజ్యం లండన్‌లోని చాన్సరీ కోర్టులో ఏళ్ల తరబడి నడిచి, 1750లో పెన్ కుటుంబానికి అనుకూలంగా తీర్పు వచ్చింది. 1760లో ఆఖరి ఒప్పందం కుదిరింది. ఫిలడెల్ఫియాకు దక్షిణపు కొసన ఉన్న ఇంటి నుంచి సరిగ్గా పదిహేను మైళ్లు దక్షిణంగా ఏ అక్షాంశం వస్తే అదే హద్దు. స్థానిక సర్వేయర్లు రెండు మూడేళ్లు తంటాలు పడినా పని తేలకపోవడంతో, 1763లో రెండు కుటుంబాలూ కలిసి ఇంగ్లండ్ నుంచి ఇద్దరిని పిలిపించాయి. ఒకరు గ్రీనిచ్ వేధశాలలో పనిచేసిన ఖగోళజ్ఞుడు చార్లెస్ మేసన్, రెండోవారు డరమ్ ప్రాంతపు సర్వేయరు జెరెమయా డిక్సన్. అంతకు రెండేళ్ల ముందు శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని చూడడానికి ఇద్దరూ కలిసి సుమత్రాకు బయల్దేరి, దారిలో తమ ఓడ మీద ఫ్రెంచివాళ్లు దాడి చేస్తే, చివరికి ఆఫ్రికా దక్షిణపు కొసన ఆగి 1761 జూన్ 6న ఆ పరిశీలన పూర్తిచేశారు. ఆ జంట మీద నమ్మకానికి మూలం అదే.

ఇక్కడ వాళ్ల పనితీరు గురించి కొంచెం విపులంగా చెప్పడానికి అనుమతించండి, ఎందుకంటే ఆ రేఖను నాలుగు చోట్ల గొలుసు లాగి గీశారని అనుకునేవారే ఎక్కువ. ఫిలడెల్ఫియా నుంచి తిన్నగా దక్షిణానికి దిగితే డెలావేర్ నది అడ్డం వస్తుంది. అందుకని వాళ్లు ముందుగా 31 మైళ్లు పడమరకు వెళ్లి, దాదాపు అదే అక్షాంశంలో బ్రాండీవైన్ వాగు దగ్గర ఒక రైతు పొలంలో మకాం వేశారు. చలికాలమంతా అక్కడ నక్షత్రాలను చూస్తూ అక్షాంశం స్థిరపరిచి, అక్కడి నుంచి పదిహేను మైళ్లు దక్షిణానికి కొలిచి ఒక కొయ్య పాతారు. దాని పడమటి ముఖాన ‘పడమర’ అని రాశారు. రేఖకు ప్రాణం ఆ కొయ్యే, మైళ్ల లెక్క మొదలయ్యేదీ అక్కడే. ఆ రైతు పొలంలో వాళ్లు నాటిన రాయి ఇప్పటికీ ఉంది. చుక్కలు చూసేవాళ్ల రాయి అని దానికి పేరు.

వాళ్ల ముఖ్యమైన పరికరం లండన్‌లో జాన్ బర్డ్ తయారుచేసిన ఆరడుగుల జెనిత్ సెక్టర్. నడినెత్తి మీదుగా దాటే నక్షత్రాలను మాత్రమే దానితో చూస్తారు. ఆకాశంలో కిందగా ఉన్న చుక్కల వెలుగును గాలి పొరలు వంచుతాయి, నడినెత్తిన ఆ బెడద ఉండదు. పరిశీలకుడు గుడారంలో వెల్లకిలా పడుకుని, కంటికి దుర్భిణి ఆనించి, మనం అభిజిత్తు అనీ బ్రహ్మహృదయం అనీ పిలుచుకునే చుక్కలు మధ్యాహ్నరేఖను, అంటే నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలుగా పోయే ఊహాగీతను, దాటే క్షణం కోసం ఎదురుచూస్తాడు. వేలాడే గుండుదారం నుంచి ఆ చుక్క ఎంత పక్కకు ఉందో చదువుతాడు. ఒక్కో మకాంలో ఇలా ఎన్నో రాత్రులు చూసి సగటు తీస్తే గాని అక్షాంశం ఖాయం కాదు.

పగటి పని వేరు. భూమి గుండ్రం గనుక అక్షాంశ రేఖ నేల మీద వంపు తిరిగి ఉంటుంది. దుర్భిణిలో చూస్తూ పడమరకు తిన్నగా పోతే గీత ఆ వంపును విడిచి మెల్లగా దక్షిణానికి జారుతుంది. కాబట్టి వాళ్లు ఉత్తరానికి కాస్త మొగ్గి బయల్దేరి, సుమారు పదకొండున్నర మైళ్ల తరువాత మళ్లీ అక్షాంశాన్ని అందుకునేలా లెక్క వేసుకుని నడిచేవారు. అక్కడ మళ్లీ సెక్టర్ నిలబెట్టి, చుక్కలు చూసి, తప్పు ఎంత వచ్చిందో తేల్చి, నడిచిన గీతకూ అసలు రేఖకూ మధ్య దూరాన్ని మైలు మైలుకూ దిద్దేవారు. దారి పొడవునా గొడ్డళ్లవాళ్లు ఎనిమిది తొమ్మిది గజాల వెడల్పున అడవి నరికారు. గొలుసు మాత్రం నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పట్టిన గొలుసే: నూరు లింకులు, అరవై ఆరు అడుగులు, ఎనభై గొలుసులైతే మైలు. కొండవాలు మీద గొలుసు పరిస్తే కొలత ఎక్కువ చూపిస్తుంది గనుక, వాలులో చెక్క లెవెళ్లను మెట్లు మెట్లుగా పట్టి మట్టంగా కొలిచారు. ఈ పని చెయ్యని సర్వేయరుకు ఇది చిన్న విషయంగా అనిపించవచ్చు, చేసిన వాడికి నడుము నొప్పి గుర్తుకొస్తుంది.

ఇంత జాగ్రత్తపడినా ఒక లోపం వాళ్ల చేతిలో లేదు. పెద్ద కొండ పక్కన గుండుదారం నిట్టనిలువుగా వేలాడదు, కొండ దాన్ని తనవైపు కాస్త లాగుతుంది. అందువల్ల కొన్ని చోట్ల రేఖ అసలు అక్షాంశానికి వందల అడుగులు పక్కకు జరిగింది. తరువాతి కాలంలో స్కాట్లండ్‌లో ఒక కొండ ఆకర్షణను కొలిచి భూమి సాంద్రతను లెక్కగట్టాలని లండన్‌లోని శాస్త్రజ్ఞుల సంఘం రాయల్ సొసైటీ తలపెట్టినప్పుడు, అందుకు తగిన కొండను వెతకడానికి 1773లో పంపింది ఈ మేసన్‌నే.

రాళ్ల సంగతికి వస్తాను. అవి ఇంగ్లండ్‌లోని పోర్ట్‌లాండ్ సున్నపురాళ్లు. చెక్కి, ఓడలకెక్కించి సముద్రం దాటించారు. మైలుకు ఒక రాయి, దాని దక్షిణపు ముఖాన మేరీలాండ్ పేరులోని మొదటి అక్షరం ‘ఎం’, ఉత్తరపు ముఖాన పెన్సిల్వేనియాలోని ‘పి’. అయిదు మైళ్లకొకటి చొప్పున పెద్ద రాయి, దాని మీద అక్షరాలకు బదులు ఒకవైపు కాల్వర్ట్ కుటుంబ చిహ్నం, మరోవైపు పెన్ కుటుంబ చిహ్నం. నేను చూసిన మొదటిది మొక్కజొన్న కోసేసిన చేను అంచున, ఇనుప కటకటాల్లో ఉంది. మోకాలి ఎత్తు కూడా లేదు, అంచులు విరిగాయి, పైన బూడిదరంగు నాచు పట్టింది. కటకటాల సందులోంచి చెయ్యి పెట్టి తడిమితే ‘ఎం’ అక్షరపు రెండు నిలువు కాళ్లు వేలికి తగిలాయి, మధ్యలోని వంపు అరిగిపోయింది. ఆ తరువాత అటువైపు వెళ్లి ‘పి’ కోసం చూశాను. ఒక అడుగు వేసి రాష్ట్రం మారాను, నేల రంగైనా మారలేదు. ఇలాంటి రాళ్లలో కొన్నింటిని జనం పెకలించి ఇళ్లకు గడపమెట్లుగా వేసుకున్నారట. 1900–1903 మధ్య జరిగిన పునఃసర్వేలో చాలావాటిని వెతికి తిరిగి నిలబెట్టారు.

వ్యాసకర్త ఈ రేఖ ఎలా ముగిసిందో చెప్పకుండా వదిలేశారు. నా దృష్టిలో అది అతి ముఖ్యమైన విషయం. 1765 వసంతంలో పడమరకు బయల్దేరిన బృందం 1767 నాటికి నూరు మందిని దాటింది. అమెరికా ఆదివాసులైన ఇరోకోయ్ ఆరు తెగల సమాఖ్య అనుమతి తీసుకున్నాకే ఆ ఏటి ప్రయాణం మొదలైంది, ఆ సమాఖ్యలోని మొహాక్, ఒనొండాగా తెగల మనుషులు కాపలాగా వెంట నడిచారు. మొనొంగహేలా నది దగ్గర, అవతల షానీ, డెలావేర్ తెగలవాళ్లున్నారన్న భయంతో 26 మంది పనివాళ్లు మానేసి వెనక్కి వెళ్లిపోయారు. 1767 అక్టోబరు 9న డంకర్డ్ వాగు దగ్గర ఒక కాలిబాట ఎదురైంది. అది తెగలు యుద్ధానికి వెళ్లే బాట. తమకు అప్పగించిన హద్దు ఇంతవరకే, దీని అవతలికి మేము రాము, మిమ్మల్ని పోనివ్వము అని కాపలా పెద్ద చెప్పాడు. రేఖ 233 మైళ్లు దాటిన చోట అలా ఆగింది. మిగిలిన భాగాన్ని స్వాతంత్ర్యం వచ్చాక, 1784లో డేవిడ్ రిటెన్‌హౌస్, ఆండ్రూ ఎలికాట్ తదితర సర్వేయర్లు పూర్తిచేశారు. ఇద్దరు ప్రభువులు తమదేనని కోర్టుల్లో కొట్లాడిన నేలకు, గుండుదారాలూ పట్టాలూ లేని మూడో హద్దు ఒకటి అప్పటికే ఉందన్న మాట. ఆ హద్దుదారులకు అప్పటికే ఏ గతి పడుతోందో కూడా మేసన్‌కు తెలుసు. ఆయన అమెరికాలో దిగిన మరుసటి నెలలోనే, 1763 డిసెంబరులో, పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ ప్రాంతంలో శాంతంగా బతుకుతున్న కొనెస్టోగా తెగవారిని ఇరవై మందిని, పిల్లలతో సహా, వలసదారుల మూక ఒకటి నరికి చంపింది. 1765 జనవరిలో మేసన్ ఆ చోటు చూడడానికి వెళ్లి, ఆ సంగతి తన దినచర్యలో రాసుకున్నాడు.

ఇక బానిసత్వం. రేఖ గీస్తున్న కాలంలో దానికి ఉత్తరానా దక్షిణానా కూడా బానిసలున్నారు. పెన్సిల్వేనియాలో 1688లోనే జర్మన్‌టౌన్‌లోని క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు బానిసత్వాన్ని ఖండిస్తూ విన్నపం రాసిన మాట నిజం, విలియం పెన్ స్వయంగా బానిసలను ఉంచుకున్న మాటా నిజమే. ఇంకొక ఆధారం రేఖలోనే ఉంది. మేసన్, డిక్సన్ కొలిచింది తూర్పు పడమరల గీత ఒక్కటే కాదు. మేరీలాండ్‌కూ డెలావేర్‌కూ మధ్య, ఉత్తర దక్షిణాలుగా ఎనభై మైళ్లకు పైగా ఉన్న గీత కూడా వాళ్లదే. ఆ గీతకు రెండు పక్కలా ఉన్నవి బానిస రాష్ట్రాలే. మేరీలాండ్‌లో బానిసత్వం 1864 నవంబరులో రద్దయితే, డెలావేర్‌లో 1865 డిసెంబరులో రాజ్యాంగానికి పదమూడో సవరణ వచ్చేదాకా పోలేదు. అంతర్యుద్ధంలో ఆ రెండు రాష్ట్రాలూ యూనియన్‌లోనే, అంటే ఉత్తరాది పక్షానే, ఉన్నాయి గనుక, ఈ రేఖ యుద్ధంలో రెండు పక్షాల సరిహద్దు కూడా కాదు.

మరి ఆ అర్థం ఎక్కడి నుంచి వచ్చింది? 1780లో పెన్సిల్వేనియా క్రమంగా బానిసత్వం రద్దుచేసే చట్టం తెచ్చింది. మేరీలాండ్ తేలేదు. అంతవరకు రెండు కుటుంబాల గట్టుగా ఉన్నది ఆ రోజు నుంచి రెండు చట్టాల మధ్య గట్టు అయింది. 1820లో మిస్సోరిని బానిస రాష్ట్రంగా చేర్చుకోవాలా వద్దా అని అమెరికా కాంగ్రెస్‌లో జరిగిన వాదోపవాదాల్లో ఈ పేరు దేశమంతటా నాలుకల మీదికెక్కి, సర్వేయర్ల గీత ఉత్తరానికీ దక్షిణానికీ పర్యాయపదంగా మారింది. మిస్సోరి ఒప్పందంలో పెట్టిన గీత నిజానికి వేరే, అది 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం. అయినా జనానికి గుర్తున్నది రాళ్లు నాటిన గీతే.

ఆ కొత్త అర్థాన్ని నేను తేలిక చేయడం లేదు. 1849లో మేరీలాండ్‌లోని బానిసత్వం నుంచి పారిపోయి పెన్సిల్వేనియాలో అడుగుపెట్టిన హారియట్ టబ్మన్, తాను అదే మనిషినా కాదా అని తన చేతులు చూసుకున్నానని తరువాత చెప్పింది. ఒక సర్వే గీత మనిషికి ఇంతకన్నా పెద్ద విషయం కాజాలదు. కానీ గీత దాటితే చాలు స్వేచ్ఛ అన్నట్టు రాయడం వల్ల, ఆ గీత కాపాడలేకపోయిన వాళ్లు కథలోంచి జారిపోతున్నారు. నా ఆవేదన ముఖ్యంగా దాని గురించే. 1780 చట్టం అప్పటికే బానిసలుగా ఉన్నవారిని విడిపించలేదు. ఆ తరువాత పుట్టిన పిల్లలకు కూడా 28 ఏళ్లు నిండితే గాని విడుదల లేదు. బయటి రాష్ట్రం వారి బానిసలు ఆరు నెలలకు మించి ఉంటే స్వేచ్ఛ అడగవచ్చన్న నిబంధనను తప్పించుకోవడానికి, దేశ రాజధాని ఫిలడెల్ఫియాలో ఉన్న రోజుల్లో అధ్యక్షుడు వాషింగ్టన్ తన బానిసలను గడువు దాటకముందే రాష్ట్రం బయటికి పంపి మళ్లీ రప్పించేవాడు.

మార్గరెట్ మోర్గన్ కథ ఇంకా బాధాకరం. చట్టప్రకారం విడుదల కాకపోయినా మేరీలాండ్‌లో దాదాపు స్వేచ్ఛగానే బతికిన ఆమె, భర్తతో కలిసి 1832లో పెన్సిల్వేనియాలోని యార్క్ కౌంటీకి వచ్చి కాపురం పెట్టింది. 1837లో ఎడ్వర్డ్ ప్రిగ్ అనే అతను మరికొందరితో వచ్చి ఆమెనూ పిల్లలనూ ఎత్తుకుపోయాడు. ఆ పిల్లల్లో పెన్సిల్వేనియా గడ్డ మీద పుట్టినవారు కూడా ఉన్నారు. అపహరణ నేరం కింద ప్రిగ్‌ను పెన్సిల్వేనియా శిక్షిస్తే, 1842లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. 1850లో వచ్చిన పారిపోయిన బానిసల చట్టంతో, పట్టుకునేవారికి ఉత్తరాది అధికారులే సాయం చేయవలసి వచ్చింది. మరుసటి ఏడు క్రిస్టియానా అనే ఊళ్లో విలియం పార్కర్ ఇంట్లో తలదాచుకున్నవారిని పట్టుకోవడానికి మేరీలాండ్ నుంచి వచ్చిన యజమాని ఎడ్వర్డ్ గోర్సచ్, వాళ్లు తిరగబడటంతో ప్రాణం పోగొట్టుకున్నాడు. ముప్పై మందికి పైగా రాజద్రోహం మోపినా, మొదటి ముద్దాయిని జూరీ పదిహేను నిమిషాల్లో నిర్దోషిగా వదిలింది. 1863 జూన్‌లో, రేఖకు దగ్గరలోనే ఉన్న గెట్టీస్‌బర్గ్ యుద్ధానికి ముందు, దక్షిణాది సైన్యం పెన్సిల్వేనియాలోకి చొచ్చుకొచ్చి అక్కడి నల్లజాతి వారిని, స్వేచ్ఛగా పుట్టినవారితో సహా, పట్టుకుని దక్షిణానికి తోలుకుపోయింది. రేఖకు దక్షిణాన ఉన్నవారందరూ బానిసలనుకోవడం కూడా పొరపాటే. 1860 జనగణనలో మేరీలాండ్‌లో సుమారు 87 వేల మంది బానిసలుంటే, సుమారు 84 వేల మంది నల్లజాతివారు స్వేచ్ఛగా ఉన్నారు.

అందువల్ల వ్యాసకర్త వాక్యాన్ని ఇలా దిద్దవలసిందిగా కోరుతున్నాను: పెన్, కాల్వర్ట్ కుటుంబాల భూతగాదా తీర్చడానికి 1763–67 మధ్య మేసన్, డిక్సన్ కొలిచిన సరిహద్దు ఇది. 1780లో పెన్సిల్వేనియా చేసిన చట్టం తరువాత దీనికి బానిసత్వపు అర్థం వచ్చింది. రెండు వాక్యాలు చాలు. చోటు ఉంటే డంకర్డ్ వాగు దగ్గరి బాటనూ, మార్గరెట్ మోర్గన్ పేరునూ కూడా చేర్చండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత సర్వేయరు